మధ్యనున్న వాని పని

వస్తువును తయారు చేసేవారు ఒకరు, దానిని వాడుకునేవారు మరొకరు. ఈ ఇద్దరి మధ్య నిలిచి ఏది చేయాలి, ఎవరి కోసం చేయాలి, ఎప్పటికి చేయాలి అని నిర్ణయించే మనిషి ఇంకొకడు ఉంటాడు. హైదరాబాదు కంపెనీలలో ఈ పని చేసే మన పిల్లలను ప్రాడక్ట్ మేనేజర్లు అంటున్నారు. మా రాజోలికి ఈ పని కొత్త కాదు. నూలు, పట్టు, డిజైను ఇచ్చి గద్వాల చీరలు నేయించే మాస్టర్ వీవర్లు చేసేది ఇదే. వేదాంత విద్యకు వెళ్ళకముందు మేము కొన్ని సంవత్సరాలు అట్టి ఒకరి వద్ద పనిచేశాము. నూలు పంచడం, లెక్క వ్రాయడం, చీరలను దుకాణాలకు చేర్చడం మా వంతు. ఆ పనిలో నేర్చుకున్న మూడు సంగతులు మీతో పంచుకొనుచున్నాము.

మొదటిది, కట్టుకునే వారిని ఎరుగుట. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు, కొంగు పట్టు. అంచును ఒంటికి సూదితో కుట్టరు. మగ్గం మీదనే పేకలో పేకను పెనవేసి కలుపుతారు. దీనినే కుప్పడం అంటారు. మన ఎండలకు ఒంటికి నూలు హాయి, శుభకార్యానికి పట్టు అంచు కళ. రెండు అవసరాలనూ ఒకే చీర తీర్చినది. తరువాత కోరినవారికి సీకో చీరలు, నిండు పట్టు చీరలు కూడ నేశారు. దుకాణంలో కూర్చుని మేము గమనించినది ఒకటుంది. “రంగు బాగున్నది” అన్నవారందరు కొనరు. కొనదలచిన తల్లి చీరను తిరగవేసి, అంచు కలిసిన చోటును వేలితో తడిమి చూస్తుంది. నోటి మాట కంటె ఆ వేలు చెప్పే మాట నమ్మదగినది.

రెండవది, నేసే వారి కష్టమును ఎరుగుట. కాగితం మీద అంచు మార్చడం నిమిషం పని. మగ్గం మీద మార్చాలంటే జాకార్డు అట్టలు మార్చాలి, పోగులు మళ్ళీ సర్దాలి. అన్నాళ్ళు మగ్గం ఆడదు, కూలి రాదు. ఈ కష్టాన్ని కళ్ళారా చూచినవాడు ఆలేరు వాసి చింతకింది మల్లేశం. ఆసు పోయడానికి తల్లి చేయి వేలసార్లు ఆడించి భుజం నొప్పితో బాధపడుచుండగా, బడి చదువు మధ్యలోనే మానిన ఆయన, ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. యంత్రం కంటె ముందు ఆయనకున్నది ఆమె నొప్పిని చూడగల కన్ను.

మూడవది, నష్టము ఎవరిదో ముందే తేల్చుకొనుట. ఒకసారి ఒక పట్నపు వ్యాపారి రంగు కుదరలేదని చీరలు త్రిప్పి పంపాడు. రంగు ఎన్నుకున్నది వ్యాపారి, ఒప్పుకున్నది యజమాని. కోత పడినది మాత్రం నేతగాని కూలిలో! చెప్పినట్లే నేసిన చేతికి శిక్ష ఏమిటి? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు ఇండ్లు కూలాయి, మగ్గం గుంటలలో బురద నిండినది, పడుగులు పాడైనవి. పోయిన నూలు ఖర్చు ఎవరిది? తీసుకున్న అడ్వాన్సు సంగతి ఏమిటి? నీళ్ళు వచ్చిన తరువాత ఈ మాట మొదలుపెడితే బలహీనుడే ఓడిపోతాడు. మంచి రోజులలోనే న్యాయంగా మాట్లాడుకోవాలి. తీరని గడువుకు, కుదరని రంగుకు “కాదు” అని వ్యాపారితో చెప్పే ధైర్యం కూడ మధ్యనున్న వానికే ఉండాలి. ఆ ధైర్యం అతనికి లేకపోతే దాని వెల నేతగాని ఇంట్లో పిల్లలు చెల్లిస్తారు.

ఈ సంగతులు మగ్గానికే కావు. మీ బిడ్డ పట్నంలో కంప్యూటరు ముందు కూర్చున్నా, మీరు ఊరిలో పాల సంఘం నడుపుచున్నా, పదిమంది కూలీలతో నాటు వేయించుచున్నా, మధ్యలో నిలిచినవారు మీరే. వాడేవారి ముందు తయారు చేసేవారి పక్షాన, తయారు చేసేవారి ముందు వాడేవారి పక్షాన మాట్లాడండి. చీర మీద మధ్యవాని పేరు ఉండదు. అయినా ఇద్దరూ తృప్తిగా ఇల్లు చేరితే అతని పని నెరవేరినట్లే.