దోజఖ్‌లో లెక్క

మన పురాణాలు నరకాన్ని చావు తర్వాతకు వాయిదా వేశాయి. ప్రజల పలుకుబడి అలా వాయిదా వెయ్యదు. "అత్తగారింట నరకం చూశాను", "ఈ నొప్పి యమయాతన" అనే మాటలు బతికున్నవాళ్ళు తమ బతుకును గురించి అనేవే. మా నెల్లూరు సీమలో ముస్లిం కుటుంబాలు "బతుకు దోజఖ్ అయిపోయింది" అని నిట్టూర్చడమూ అదే తీరు. దోజఖ్ పారశీక పదం. ఖురానులోని మాట జహన్నం. దీని మూలం భూమ్మీదనే ఉంది: జెరూసలేం పక్కన హిన్నోము లోయ, పిల్లల్ని అగ్నికి ఆహుతి ఇచ్చారని హీబ్రూ గ్రంథాలు నిందించిన చోటు.

ఇంత తెలిసిన నేను ఒకనాడు తరగతిలో తప్పు చేశాను. రూపకాలంకారానికి వాడుకలోంచి ఉదాహరణలు అడిగితే, ఇసకపల్లి వైపునుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి, "ఉప్పుమడి దోజఖ్ అంటది సార్ మా అమ్మ" అన్నాడు. "చక్కటి రూపకం" అన్నాను. అతడు కూర్చోలేదు. "రూపకం కాదు సార్" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ వేసవిలో వాళ్ళ ఊరు వెళ్ళాను. మళ్ళల్లో నీళ్ళు ఇగిరి ఉప్పు గట్టిపడే రోజులు. కింద ఉప్పునీరు, పైన ఎండ, తెల్లటి ఉప్పుమీదనుంచి కళ్ళల్లో గుచ్చే వెలుగు. ఆమె చెక్కపలకతో ఉప్పును గట్టుకు లాగుతోంది. పాదాల పగుళ్ళలో ఉప్పు దిగి పుండ్లు పడ్డాయి. ఎండ మండితేనే ఉప్పు పండుతుంది. కూలీకి ఏది శిక్షో, యజమానికి అదే పంట.

నేను నాకు తెలిసిన సిద్ధాంతం చెప్పాను: దోజఖ్ లేదమ్మా, పేదవాణ్ణి భయపెట్టి అణచి ఉంచడానికి కల్పించిందది అన్నాను. ఆమె పలక ఆపి అడిగింది: "దోజఖ్ లేదంటే, నా కూలిలో కోసుకున్నోడి లెక్క యాడ తేలద్ది సారూ?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి ఖురాను తెలుగు అనువాదం తిరగేశాను. తౌబా సూరాలో, వెండి బంగారాలను దైవమార్గంలో ఖర్చు పెట్టక కూడబెట్టినవాళ్ళకు ఆ లోహాన్నే కాల్చి నుదుటిమీదా పక్కలమీదా వీపుమీదా వాతలు పెడతారు. హుమజా సూరాలో, ధనం పోగేసి లెక్కపెట్టుకుంటూ అదే తనను చిరంజీవిని చేస్తుందనుకునేవాణ్ణి అగ్నిలోకి విసురుతారు. ముద్దస్సిర్ సూరాలో, ఇక్కడెందుకు పడ్డారని అడిగితే, నరకవాసులు నమాజు చెయ్యనందుకూ, పేదలకు అన్నం పెట్టనందుకూ అని కూడా చెప్పుకుంటారు. ఖురాను నరకమంతా ఇదే అనను. అవిశ్వాసానికీ అందులో శిక్ష ఉంది. కాని ఆ తల్లి నమ్మిన దోజఖ్ ఇది. అది పేదవాణ్ణి మాత్రమే బెదిరించేది కాదు.

ఆ రాత్రి మన నెల్లూరి తిక్కన గుర్తుకొచ్చాడు. ఆయన తెలిగించిన పదిహేను పర్వాలలో చివరిది స్వర్గారోహణపర్వం. అందులో ధర్మరాజు స్వర్గంలో దుర్యోధనుడి వైభవం చూస్తాడు, నరకంలో తమ్ముళ్ళ ఆక్రందన వింటాడు. తన రాకతో వాళ్ళకు ఊరట కలిగిందని తెలిసి, స్వర్గం వద్దని అక్కడే నిలబడతాడు. నేనీ కథను ఎనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఉప్పుమడి గట్టుమీద మాత్రం ఒక పూట నిలబడి, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేశాను.

ఆమె నమ్మకంలో ప్రమాదం లేకపోలేదు. లెక్క పరలోకానికి వాయిదా పడితే కాంట్రాక్టరుకు ఇహలోకంలో నిద్ర పడుతుంది. అయితే, అభ్యుదయవాదులమనుకునే మనం చేసిందేమిటి? ఆమె పద్దుపుస్తకంలో మిగిలిన ఒక్క పద్దునూ మూఢనమ్మకమని కొట్టేశాం. దాని స్థానంలో న్యాయమైన కూలి, తలదాచుకునే పాక, కడవెడు మంచినీళ్ళు రాయించలేదు. అవి రాయించకుండా నరకం లేదని చెప్పడం వల్ల నెమ్మది కలిగేది ఆమెకు కాదు, కాంట్రాక్టరుకే.

కాలేజీ తెరిచాక ఆ విద్యార్థి చెప్పిన మాటను రూపకాల జాబితాలోంచి తీసేశాను. నీదే ఒప్పని అందరి ఎదుటా చెప్పాను. "అమ్మ అడిగిందానికి ఏం చెప్పమంటారు సార్?" అన్నాడు. వచ్చే ఆదివారం కూలీలందరినీ ఒకచోట కూర్చోబెట్టమని చెప్పాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, వాళ్ళ కూలి లెక్క రాయడానికి.