మాదాపురు దారిలో జనరేటరు ప్రయాణము

సినిమా సామగ్రి అద్దెకు దొరకు కృష్ణానగరునుండి ఒక జనరేటరును ట్రైలరుపై నెక్కించి, బొలేరో పికప్‌నకు తగిలించి హైటెక్సు ప్రదర్శనశాలకు కొనిపోవుచుండగా నేను డ్రైవరు ప్రక్కన కూర్చుంటిని. చెక్‌పోస్టు దాటి, 2019 మార్చి మొదలుకొని మెట్రోరైలు తలమీదుగా సంచరించు మార్గమున మాదాపురు సమీపించుసరికి చీకటిపడెను. వెనుకనుండి వచ్చిన స్కూటరువాడొకడు “కాకా, నీ ట్రైలర్ లైట్లు పిచ్చిపిచ్చిగ కొడుతున్నయ్” అని కేకవేసి సాగిపోయెను.

దిగి చూడగా, ఇండికేటరు వేసినప్పుడెల్ల టెయిల్ లైట్లును దానితో తాళము వేయుచున్నవి. బ్రేకు త్రొక్కినచో వెలుగవలసిన దీపములు మరింత మందగించుచున్నవి. డ్రైవరు విసిగి కొక్కెమును కాలితో తన్నినప్పుడు మాత్రము క్షణకాలము సర్వమును సక్రమముగ వెలిగినది. ఆ తన్నులోనే రోగనిదానమంతయు నున్నదని మాకప్పుడు తోచలేదు. పాపమాతడు బయలుదేరుటకు ముందే బల్బులన్నియు మార్పించి యుండెను.

సందులోని ఆటో ఎలక్ట్రీషియను కుర్రవాడు బల్బులవంక చూడనైన చూడక, పొడవాటి వైరు నొకదానిని పికప్ చాసీకిని ట్రైలరు ఇనుమునకును తాకించెను. దీపములన్నియు నిండుగ వెలిగినవి.

“బల్బులు ఖరాబు కాలే కాకా, ఎర్త్ దొరుకుతలే.”

పన్నెండు వోల్టుల బ్యాటరీనుండి కరెంటు ఏడు పిన్నుల ప్లగ్గుద్వారా ఒక్కొక్క దీపమునకు వేర్వేరు వైర్లలో పోవునుగాని, మరలివచ్చుటకు ట్రైలరు ఇనుమును, దానికి బిగించిన యొకే యొక తెల్లవైరును శరణ్యములు. ఆ దారి తెగినచో, తూము పూడిన చెరువునీరు పొలములపై బడినట్లు, అది పొరుగు బల్బుల తీగలలో జొరబడును. ట్రైలరునకు క్రొత్తగా నీలిరంగు వేయించి, ఆ దట్టపు పూతమీదనే వైరు బోల్టును బిగించిరట! కుర్రవాడు ఉప్పుకాగితముతో ఇనుము తళతళలాడువరకు గీకి, బోల్టు బిగించి, తుప్పు పట్టకుండ పైన గ్రీజు పూసెను.

1998లో వాజపేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్సు ముందుగా పోవుచు, భవనములకైతే ఎర్తుగుంత త్రవ్వి ఉప్పు, బొగ్గు నింపుదురు గదా, రబ్బరు చక్రములపై దొరలు బండికి దాని ఇనుమే భూమియని తలపోసితిని.

హైటెక్సు గేటువద్ద మరియొక డ్రైవరు తన ట్రైలరు దీపములును మినుకుమినుకుమనుచున్నవని, బల్బు లేమైన నున్నవాయని మావానినడిగెను. “బల్బులు తర్వాత సంగతి. రంగేమన్న ఏయించినవా?” అనుచు మావాడు అప్పుడే ఆ కొక్కెము దగ్గరకు వంగెను.