ఆరుగురి మధ్య రెండు ఆసులు

2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు పోకర్ ప్రపంచ పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాక, అమెరికాలో కార్డ్ రూములన్నీ కొత్తవాళ్లతో నిండిపోయాయి. అప్పుడు నేను శాన్ హోజేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. ఊళ్లో బే 101, గార్డెన్ సిటీ అని రెండు కార్డ్ రూములుండేవి. శుక్రవారం రాత్రి పేరు రాయించుకుని, కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడేవాళ్లం.

నేను ఆడేది లిమిట్ హోల్డెమ్. చేతికి రెండు ముక్కలు పంచుతారు. బల్ల మీద అందరికీ కలిపి మూడు ముక్కలు ఒక్కసారి తెరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, ఆఖరుది రివర్. మొదటి రెండు విడతల్లో పందెం మూడు డాలర్లు, తర్వాత ఆరు. పందెం పెంచడమూ (రైజ్) ఒక్కోసారి అంతే, అంతకు మించి కుదరదు. కాబట్టి రైజ్ చేసి ఎవర్నీ బెదరగొట్టలేం. ఎంత నాసిరకం ముక్కలు పడ్డా, ఫ్లాప్ చూసి పోదామని ఐదారుగురు కూర్చునేవాళ్లు.

రెండు ఆసులు 221 పంపకాలకు ఒకసారి పడతాయి. అవి పడ్డవాళ్లే ఆ బల్ల మీద ఎక్కువగా ఏడ్చేవాళ్లు. గంటలకొద్దీ కాచుకున్న జత ఏడో, ఐదో పట్టుకున్నవాడి చేతిలో ఓడిపోతే, కొందరు ముక్కలు విసిరికొట్టి లేచిపోవడం కళ్లారా చూశాను.

ఏడవని మనిషి ఒకావిడ ఉండేది. డెబ్బై దగ్గరపడ్డ వియత్నామీస్ పెద్దావిడ. మాట తక్కువ. ఒక రాత్రి నేను ఆవిడ పక్క కుర్చీలో ఉన్నాను, నా ముక్కలు ముందే పడేశాను. నలుగురు మూడేసి డాలర్లు పెట్టి ఆటలోకి వచ్చారు. చివర్న ఉన్న ఆవిడ రైజ్ చేసింది. ఆ నలుగురూ, బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు పడకముందే తప్పనిసరి పందెం పెట్టే చోట) ఉన్న కుర్రాడూ అందరూ ఆవిడతో సమానంగా పెట్టి కాల్ చేశారు. ఆరుగురు, ఆరేసి డాలర్లు.

ఫ్లాప్‌లో ఆఠీను తొమ్మిది, ఆఠీను ఎనిమిది, కళావరు నాలుగు పడ్డాయి. అందరూ పందెం వెయ్యకుండా చెక్ అన్నారు, ఆవిడ పందెం వేసింది, నలుగురు నిలిచారు. టర్న్‌లో ఇస్పేటు రెండు. మళ్లీ వేసింది, ఇద్దరు మిగిలారు. రివర్‌లో ఆఠీను మూడు పడింది. అప్పటిదాకా కాల్ చేస్తూ వచ్చిన కుర్రాడు తానే పందెం వేశాడు. వెంటనే రెండో ఆయన రైజ్ చేశాడు. ఆవిడ ఒక్కసారి బల్ల మీది ముక్కల్ని, ఒక్కసారి ఆ ఇద్దర్నీ చూసి, తన ముక్కలు మెల్లిగా డీలర్ వైపు జరిపింది. కుర్రాడు ఆఠీను జాకీ, పది చూపించాడు. రెండో ఆయన ఆఠీను రాజు, ఐదు. ఇద్దరికీ ఐదూ ఆఠీనులే, అంటే ఫ్లష్. రాజు ఉన్న ఫ్లష్ గెలిచింది.

ఆ ఆట ముగిశాక, ఆవిడ వదిలేసిన ముక్కలేమిటని అడిగాను. “రెండు ఆసులు” అంది. కుర్రాడి చేతికి ఫ్లష్, వరస ముక్కల స్ట్రెయిట్ రెండు దారులూ తెరిచి ఉన్నాయి. ఆవిడా అతనూ మాత్రమే ఆడినా, ఫ్లాప్ దగ్గరే అతని గెలుపు అవకాశం సగం దాటింది. నేను అయ్యో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఆరుగురు ఉన్నారుగా. సగంసార్లు పోతుంది. అయినా రైజ్ చెయ్యాలి” అంది.

ఇంటికెళ్లి లెక్క వేశాను. ఒక్కరి మీద ఆసుల జత గెలిచే అవకాశం సుమారు 85 శాతం. ఇద్దరి మీద 73, ముగ్గురి మీద 64, ఐదుగురి మీద 49. చూడగానే గుండె జారుతుంది. కానీ ఒక్కరే ఎదురుంటే పాట్‌లో (బల్ల మధ్య పోగైన పందెంలో) 12 డాలర్లు, అందులో సగటున నా వాటా పది. ఆరుగురుంటే 36, నా వాటా దాదాపు 18. రెండు చోట్లా నేను పెట్టింది ఆరే. ఓటములు పెరుగుతున్నాయి, రాబడీ పెరుగుతోంది. అందరూ శాపం అనుకున్న గుంపే ఆసులకు అసలు వరం.

అన్ని జతలకూ ఈ మాట చెల్లదు. జాకీల జత పడితే, ఫ్లాప్‌లో రాణో రాజో ఆసో వచ్చే అవకాశం 57 శాతం. ఎదురుగా ఐదుగురుంటే అది ఎవరో ఒకరికి తగులుతుంది. రెండు ఆసులకు ఆ బెడద లేదు. కానీ మూడో ఆసు ఫ్లాప్‌లో పడేది నూటికి పన్నెండుసార్లే. మిగతా సార్లు చాలావరకు అది ఒంటి జతే. ఒకడు వేసి, ఇంకొకడు పెంచితే, ఆ ఒంటి జత చాలదని ఒప్పుకోవాలి.

మా ఊళ్లో పదమూడు ముక్కల రమ్మీ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ముక్కలు బాగోకపోతే ఇరవై పాయింట్లతో మొదట్లోనే డ్రాప్ అయిపోవాలని, మధ్యలో అయితే నలభై పడుతుందని చిన్నప్పుడే తెలుసు. చెడ్డ ముక్కలు వదలడం అందరూ నేర్పుతారు. దొరికినవాటిలోకెల్లా మంచి ముక్కల్ని, వేళ దాటగానే వదలడం నాకు ఆవిడ దగ్గర కనిపించింది.

మంచి ముక్కలు గెలుపుకు హామీ కాదు. ఎక్కువ పెట్టడానికి సరైన కారణం, అంతే. ఆ కారణం ఉన్నంతసేపు వెనకాడకుండా పెట్టాలి. కొత్త ముక్క తెరిచిన ప్రతిసారీ అది ఇంకా ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. ఆ రాత్రి ఆవిడ రైజ్ చెయ్యడమూ సరైనదే, వదిలెయ్యడమూ సరైనదే. పోయిన డబ్బు ఆ రెండింటిలో దేన్నీ తప్పు చెయ్యలేదు.