రాతినార

గత శీతకాలమున మేము అయ్యవారి వెంట రాజుపాలెమునుండి పులివెందుల ప్రాంతమునకు విహారయాత్ర పోయితిమి. నల్లరేగడిలో పెరిగిన మాకు ఆ రాళ్లగుట్టలు వేడుక గొల్పెను. బ్రాహ్మణపల్లె చెంత, పూర్వము గని త్రవ్విన దిబ్బకడ, పచ్చని రాతిముక్క యొకటి దొరకెను. దాని నడుమ తెల్లని చార. గోట గీరగా నది పట్టుకుచ్చువలె విడివడెను. రాయి నారయగుట చూచి మురిసి, అయ్యవారికి చెప్పక జేబున దాచితిమి.

మరునాడు ప్రార్థన ముగిసిన పిదప, తరగతిలో దానిని పీకి పంచుకొనుచుండగా అయ్యవారు వచ్చిరి. కోపింపలేదు. "నాయనలారా, ఊదకుడు, దులుపకుడు" అని మమ్ము వెలుపలికి పంపి, తామే తడిగుడ్డతో బల్లలు తుడిచి, రాతిని గుడ్డతోకూడ సంచిలో మూటగట్టిరి. మేము చేతులు కడిగికొని వచ్చినపిమ్మట కారణము చెప్పిరి.

అది క్రిసోటైలు అను రాతినార. మెగ్నీషియము, సిలికా, నీరు కలిసిన ఖనిజము. పూర్వయుగములందు వేంపల్లె డోలమైటు పొరల నడుమకు కరగిన శిలాద్రవము చొరబడగా, ఆ వేడిమికి రాయి మారి, పగుళ్లలో ఈ నార పుట్టినది. ఇది నిప్పున కాలదు, నూలువలె వడకవచ్చును. అందుచేతనే లోకము దీనిని కోరెను. కాని దీని పోగులు కంటికి కానరానంత సన్ననివి. ఊపిరితో లోనికేగి ఊపిరితిత్తులలో నాటుకొని, వానిని బిరుసెక్కించును. క్యాన్సరును గూడ కలిగించును. రోగము బయటపడుటకు తరచుగా 20 మొదలు 40 ఏండ్లు పట్టును. అందుకే 1995లో సుప్రీముకోర్టు, ఈ పనివారి ఆరోగ్యపత్రములను పనిలో చేరినది మొదలు 40 ఏండ్లు గాని, పని విడిచిన పిదప 15 ఏండ్లు గాని, ఏది తుదిదో అంతవరకు భద్రపరుపవలెనని ఆజ్ఞాపించెను. అంతకుముందే ప్రభుత్వమువారు 1986లో క్రొత్త గనులకు అనుమతి నిలిపిరి. 1993లో పాతవాని గడువు పొడిగించుటయు మానిరి.

"గనులు మనకు దూరము గదా" యని మేమంటిమి. అయ్యవారు పసులకొట్టముల కప్పులను చూపిరి. ఆ సిమెంటు రేకులలో నున్నదియు ఈ నారయే. కదలింపకున్న అంతగా కీడు లేదు. కోసినను, విరిచినను, అరగదీసినను దుమ్ము లేచును.

అప్పుడు మాకు గుండె ఝల్లుమనెను. మా చెల్లెండ్రు తొక్కుడుబిళ్లకు విరిగిన రేకుముక్కలనే బండపై అరగదీసి బిళ్లలు చేసికొందురు. మేమే వారికి నేర్పితిమి.

ఆ సాయంకాలము ఆ బిళ్లలను నీట తడిపి, తీసి మూటగట్టితిమి. వారు ఏడ్చిరి. కుండపెంకులు గుండ్రముగా చెక్కి వారి చేతికిచ్చితిమి.