పెన్సిలంత సందు

ఛత్తీస్‌గఢ్‌లోని జగర్గుండాలో 13 ఏళ్లు మూతపడిన బడి 2019లో మళ్లీ తెరుచుకుంది. ఆ పిల్లల కోసం పుస్తకాలు మోసుకువెళ్లిన వ్యానులోనే ఒక వానకాలమంతా నా నివాసం.

కదలకుండా నిలిచిన బండి చిట్టెలుకకు సిద్ధమైన ఇల్లు. చింపిన కాగితమే దాని పరుపు. దాని కొరుకుడు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పెన్సిలు పట్టేటంత, అంటే 6 మిల్లీమీటర్ల సందు చాలు, లోపలికి దూరుతుంది. విషం పెడితే రేకుల నడుమ చచ్చి కుళ్లుతుంది.

అందుచేత బండి కింద వెల్లకిలా పడుకొని, తీగలూ గొట్టాలూ పోయే ప్రతి రంధ్రంలోనూ గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కాను. బియ్యం, పప్పు రేకు డబ్బాల్లో దాచాను. తలుపు తాళం మనుషులకే గాని ఎలుకలకు కాదు.

ఇన్నేళ్లకు పిల్లల చేతికందబోయే కథల్లో ఒక్క పుటైనా ఎలుక పాలు కారాదని నా పట్టుదల.