బుద్ధుడు ఆలస్యంగా వస్తాడు

జపాన్ చిత్రకారుడు ఒసాము తెజుకా బొమ్మల్లో చెప్పిన ‘బుద్ధ’ మొదటి సంపుటం నాలుగొందల పేజీల దాకా ఉంటుంది. బుద్ధుడి కథ కదా అని తెరిస్తే పేజీ తర్వాత పేజీ తిరిగిపోతుంది గానీ ఆయన జాడే ఉండదు. చాప్రా అనే బానిస కుర్రాడు ఉంటాడు. పులిలోనో పక్షిలోనో దూరి వాటి ఒంటితో తిరగగలిగే తత్త అనే అంటరాని పిల్లవాడు ఉంటాడు. సైన్యాలు, తగలబడే ఊళ్ళు, కొడుకు కోసం అల్లాడే ఒక బానిస తల్లి ఉంటారు. సిద్ధార్థుడు పుట్టేసరికి పుస్తకం చాలావరకు అయిపోతుంది. పుట్టాకైనా బుద్ధుడిలా కనిపిస్తాడా అంటే అదీ లేదు. తరచూ జబ్బు పడే, ఎప్పుడూ నిద్రపోయే, ఎవరికీ అంతుపట్టని పిల్లవాడు.

ఇదేం బుద్ధచరిత్ర అని మొదట విసుక్కున్నాను. తర్వాత అమరావతి శిల్పాలు గుర్తొచ్చాయి. తొలినాటి అమరావతి ఫలకాల్లోనూ బుద్ధుడు ఉండడు. ఖాళీ ఆసనం ఉంటుంది, పాదముద్రలు ఉంటాయి, బోధివృక్షం ఉంటుంది. చుట్టూ మాత్రం ఎంత జనమో! చేతులు జోడించినవాళ్ళు, సాష్టాంగపడ్డవాళ్ళు, ఆశ్చర్యంతో పక్కవాడి మీదికి ఒరిగిపోయినవాళ్ళు. వాళ్ళ మొహాలు చూసి ఆసనం మీద ఎవరున్నారో మనం గ్రహించుకోవాలి. ఆ రాతిపని తెజుకా చూశాడో లేదో గానీ, చేసింది మాత్రం అదే. ముందు చుట్టూ ఉన్న మనుషుల్ని నింపాడు. వాళ్ళ ఆకలి, పగ, చావు మనకు బాగా అలవాటయ్యాక, ఇక ఎవరో ఒకరు రాకపోతే కుదరదు అనిపించినప్పుడు ఆయన్ని తీసుకొచ్చాడు.

తెజుకా చదివింది వైద్యం. ఒసాకాలో డాక్టరు పట్టా పుచ్చుకున్నా బొమ్మల వైపే ఉండిపోయాడు. జపాన్ వాళ్ళు ఆయన్ని మాంగా (బొమ్మల కథల) దేవుడంటారు. ప్రపంచానికి ‘ఆస్ట్రో బాయ్’ అనే రోబో పిల్లవాడి వల్ల తెలిశాడు. ‘బుద్ధ’ను 1972 నుంచి 1983 దాకా పత్రికల్లో ధారావాహికగా గీశాడు. జపాన్‌లో పద్నాలుగు సంపుటాలు, ఇంగ్లీషులో ఎనిమిది లావుపాటి పుస్తకాలు. ఇంగ్లీషు సంపుటాలకు 2004లో, 2005లో కామిక్స్‌కిచ్చే ఐస్నర్ బహుమతులు కూడా వచ్చాయి. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒసాకా మీద అమెరికా బాంబులు పడడం కళ్ళారా చూసినవాడు. కథలో కోసల రాజ్యపు సైన్యం ఊళ్ళ మీద పడే పేజీల్లో ఆ పొగ వాసన నాకు తగిలింది.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది అస్సజి. మన గ్రంథాల్లో అస్సజి అంటే బుద్ధుడి మొదటి అయిదుగురు శిష్యుల్లో ఒకడు, గంభీరమైన భిక్షువు. తెజుకా ఆ పేరు తీసుకెళ్ళి ముక్కు కారుతూ తిరిగే ఒక వేటగాడి కొడుక్కి పెట్టేశాడు. పండితులకు మంట పుట్టవచ్చు. నాకైతే ఆ పిల్లవాడు తప్ప మరో అస్సజి ఇక గుర్తుకు రాడు. పెద్ద జబ్బు చేసి బతికి బయటపడ్డాక వాడికి జరగబోయేది తెలుస్తుంటుంది. మగధ రాజు బింబిసారుడంతటివాడు పిలిచి అడిగితే, నీ కొడుకు చేతిలోనే చస్తావు అని, రేపు వాన పడుతుంది అన్నంత మామూలుగా చెప్పేస్తాడు. తన చావు ఏ రోజో కూడా తెలుసు. వేటగాడైన తండ్రి చంపిన జంతువులన్నిటి బాకీ తను తీర్చాలి. ఆ రోజు రానే వస్తుంది. ఆకలితో ఉన్న తోడేళ్ళ దగ్గరికి వాడే నడిచి వెళ్తాడు. సిద్ధార్థుడు ఆపలేకపోతాడు.

ఆకలిగొన్న ఆడపులికి బోధిసత్త్వుడు తన శరీరం ఇచ్చేసిన జాతక కథ మనకు తెలిసిందే. కానీ అందులో ఇచ్చేవాడు మహానుభావుడు కాబట్టి మనం నమస్కారం పెట్టి ముందుకు పోతాం. ఇక్కడ ఇచ్చేది ముక్కు తుడుచుకోవడం కూడా రాని పిల్లవాడు. నమస్కారం పెట్టడానికి చేతులు లేవవు. తొలి పేజీల్లోనే తెజుకా ఒక ముసలి సన్న్యాసికి పెట్టడానికి ఏమీ దొరక్క కుందేలు మంటలో దూకే కథను మాటల్లేకుండా బొమ్మల్లోనే చెప్పాడు. అప్పుడది కథ. అస్సజి దగ్గరికి వచ్చేసరికి కథ అని సరిపెట్టుకోవడం కుదరదు.

ఇంత బరువైన చోట కూడా తెజుకా వేళాకోళం మానడు. అప్పటిదాకా కత్తులు దూసినవాళ్ళు ఉన్నట్టుండి ఈ కాలపు మాటలు మాట్లాడతారు, మొహాలు వంకరపోతాయి, పడతారు, లేస్తారు. గంభీరంగా చదువుకునే పాఠకులకు ఇది అపచారంలా ఉంటుందట. బుర్రకథ విన్నవాళ్ళకు కొత్తేమీ కాదు. కథకుడు వీరుడి చావు చెప్పి ఏడిపిస్తుంటే పక్కన హాస్యపు వంత ఊళ్ళో కరెంటు కోత మీద ఓ మాట విసరడూ! విసిరినందువల్ల ఏడుపు ఆగదు, ఇంకాస్త సేపు కూర్చుని ఏడిచే ఓపిక వస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. కులాల సంగతి మరీ నాలుగు గీతల్లో తేల్చేశాడు. ఆ వ్యవస్థ లోపల బతికినవాళ్ళకు తెలిసిన సూక్ష్మమైన అవమానాలు ఇందులో దొరకవు. కొరడా దెబ్బలు మాత్రం దొరుకుతాయి. యుద్ధాలు, పోరాటాలు కొన్నిచోట్ల సాగుతూనే ఉంటాయి. అవి నేను గబగబా తిప్పేశాను. పత్రికలో ప్రతి సంచికకూ పిల్లల్ని పట్టి ఉంచాలి మరి.

అయినా చివరి సంపుటాల్లో ఒక ధైర్యం చూపించాడు. తత్త ఏళ్ళ తరబడి బుద్ధుడి వెంట ఉంటాడు, ఆయన్ని ప్రేమిస్తాడు. కానీ తన తల్లిని చంపిన కోసల మీద పగ మాత్రం చావదు. చివరికి కోసలతో యుద్ధంలోకే పోయి చచ్చిపోతాడు. ఇన్నేళ్ళు చెప్పిన మాట ఏమైనట్టు అని బుద్ధుడే కుంగిపోతాడు. హుస్సేన్‌సాగర్ మధ్యలో చెయ్యెత్తి నిలబడ్డ రాతి బుద్ధుణ్ణి చూసీ చూసీ, ఆయనకు ఓటమి అనేది ఒకటుంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఇక దేవదత్తుడు. చిన్నప్పుడు చదివిన ప్రతి కథలోనూ వాడు పుట్టుకతోనే దుర్మార్గుడు. బుద్ధుడి మీదికి రాయి దొర్లించినవాడు, ఏనుగును తోలినవాడు. తెజుకా వాడికి ఒక చిన్నతనం ఇచ్చాడు. తోటిపిల్లలు ఏడిపిస్తే తట్టుకోలేక ఘోరం చేసి, అడవి పాలై, తోడేలు పక్కన పడుకుని పెరిగిన పిల్లవాడు. మనుషుల్ని నమ్మడం వాడికెవరూ నేర్పలేదు. ఎదిగాక చేసిన పాపాలకు తెజుకా ఏ మినహాయింపూ ఇవ్వడు, కానీ ఆ పిల్లవాణ్ణి చూశాక నోరారా తిట్టడం కుదరదు. నాకిది కాస్త ఇబ్బందిగానే ఉంది. బుద్ధుడి కథలో నిశ్చింతగా తిట్టుకోవడానికి వాడొక్కడైనా ఉన్నాడు కదా అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.