బస్తరు చలిలో డీజిలు బండ్లు

పుష్యమాసపు తెల్లవారుజామున జగదల్పూరు ఊరి వెలుపల లారీలు బారులు తీరి నిలిచి ఉంటాయి. ఇంద్రావతి మీదినుండి లేచిన మంచు రహదారిని కప్పివేసి, నాలుగు బండ్ల అవతల ఉన్నదేదో కానరానీయదు. వీటిలో కొన్ని రాయపూరు నుండి కేశకాల కనుమ ఎక్కి వచ్చినవి; కొన్ని విజయనగరం, సాలూరుల మీదుగా కోరాపుట్టు కొండలు దాటి వచ్చినవి; మరికొన్ని భద్రాచలం వైపు నుండి కొంటా, సుకుమాల గుండా పైకి వచ్చినవి. టీ దుకాణం దగ్గర హల్బీ, హిందీ, ఒడియాలతోపాటు తెలుగు మాట కూడ ధారాళంగా వినవస్తుంది. అందులో వింత లేదు. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీకుడైన అన్నమదేవుడు వచ్చి ఇక్కడ రాజ్యం నిలిపినాడని బస్తరు సంప్రదాయం చెబుతున్నది. తెలుగు దేశానికీ ఈ అడవికీ నడుమ బాట పాతది. బండి మాత్రమే కొత్తది.

ఆ కొత్త బండికే ఈ వేళప్పుడు చిక్కు వస్తుంది.

"అన్నా, బండి అందుకోవడం లేదు. ట్యాంకు కింద కాస్త మంట వేద్దునా?" అని అడుగుతాడు కొత్తగా చేరిన క్లీనరు.

"ఒరేయ్, ఆ పని మాత్రం చేయకు! ముందు ఫిల్టరు అడుగున మర వదులు చేసి నీళ్ళు వస్తాయేమో చూడు," అంటాడు ఏళ్ళ తరబడి ఈ దారిలో నలిగిన డ్రైవరు.

మర తిప్పగానే మొదట వచ్చేది డీజిలు కాదు, మసకబారిన నీరు. బస్తరు చలికాలంలో డీజిలు బండికి వచ్చే కష్టాలలో అధికభాగం ఆ గుక్కెడు నీటిలోనే ఉన్నది.

డీజిలు చలికి గడ్డకట్టడమంటే పాఠకులకు వెంటనే గుర్తుకు వచ్చేది లడఖ్. అక్కడ శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు జారగలదు. ఆ ప్రాంతం కోసమే ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో సున్నాకు 33 డిగ్రీలు దిగువన కూడ ప్రవహించగల ప్రత్యేకమైన డీజిలును విడుదల చేసినది. బస్తరు అటువంటి సీమ కాదు. జగదల్పూరు సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత పది డిగ్రీల సెంటీగ్రేడు చుట్టుపక్కల ఆడుతూ, కొన్ని రాత్రులు అంతకంటె దిగుతుంది. బైలదిలా కొండల మీద చలి ఇంకొంచెం ఎక్కువ. మనిషికి కంబళి చాలును. ఇంజనుకు ఇదేమి చలి అనిపిస్తుంది. మోసమంతా అక్కడే.

డీజిలులో మైనపు పదార్థం సహజంగా కరిగి ఉంటుంది. చమురు చల్లబడినకొలది ఆ మైనం సన్నని పలుకులుగా విడివడి, మొదట చమురును మసకబరుస్తుంది. పిమ్మట వడపోత కాగితపు రంధ్రాలను పూడ్చివేస్తుంది. చమురు ట్యాంకులో ఇంకా ద్రవంగానే ఉంటుంది, కాని ఫిల్టరు దాటి పోలేదు. భారతీయ ప్రమాణాల ప్రకారం, ఫిల్టరు ఇట్లు మూసుకొనిపోయే ఉష్ణోగ్రత చలికాలపు డీజిలుకు 6 డిగ్రీలను, వేసవి డీజిలుకు 18 డిగ్రీలను మించరాదు. ఈ రెండు అంకెల నడుమనే బస్తరు రాత్రి ఉన్నది. చలికాలంలో బంకు నుండి కొత్తగా పోయించుకొన్న డీజిలుతో నడిచే లారీకి సాధారణంగా మైనపు బాధ రాదు. వర్షాకాలానికి ముందు డ్రమ్ములలో నింపి, అడవి నడుమ ఏ జనరేటరు పక్కనో దాచిన వేసవి చమురు సంగతి వేరు. అది పరిమితి అంచున ఉన్న సరుకైతే, పది డిగ్రీల రాత్రికే ఫిల్టరును మూయగలదు. దారులు కష్టమైన లోపలి ఊళ్ళలో చమురును నెలల తరబడి నిలవ చేయక తప్పదు గనుక, ఈ అపాయం ఎక్కువగా అక్కడికే వస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ఆరోగ్యకేంద్రంలో పురిటి గదికి వెలుగు ఇచ్చేది ఆ జనరేటరే. అది అప్పుడు లేవకపోతే ఎవరిని అడగాలి?

ఇక నీటి సంగతి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగటి ఎండకు వేడెక్కి గాలిని వదులుతుంది. రాత్రి చల్లబడి బయటి తేమగాలిని లోపలికి పీల్చుకొంటుంది. ఆ తేమ చల్లని రేకు గోడల మీద చెమ్మగా పట్టి, బొట్లుగా దిగుతుంది. నీరు డీజిలుకంటె బరువైనది గనుక అడుగున చేరుతుంది. ఇట్లు రాత్రికి కొన్ని చుక్కలైనా, నెల తిరిగేసరికి చెప్పుకోదగిన నీరవుతుంది. పగలు ఎండ, రాత్రి మంచు గల బస్తరు వంటి అడవి సీమలో ఈ ఊపిరి ఆట జోరుగా సాగుతుంది. నీరూ చమురూ కలిసే అంచున సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగురు పుట్టిస్తాయి. ఫిల్టరు విప్పినప్పుడు కనిపించే ఆ జిగురును చాలమంది తారు అనుకొంటారు.

పాత ఇంజన్లు ఈ నీటిని కొంతవరకు సహించేవి. నేటి కామన్ రైల్ ఇంజన్లలో చమురును వాతావరణ పీడనానికి వెయ్యిరెట్లకు పైగా ఒత్తిడితో నాజిళ్ళకు పంపుతారు. లోపలి భాగాల సందులు వెంట్రుక మందంలో ఎన్నో వంతు మాత్రమే. పంపుకు కందెనగా పనిచేసేది కూడ డీజిలే. అందులోకి నీరు వెళ్ళినచో తుప్పు, అరుగుదల తప్పవు. ఖర్చు వేలతో తీరదు.

అందుచేత అనుభవజ్ఞులైన డ్రైవర్లు సాయంకాలం బండి ఆపేముందే ట్యాంకు నింపుతారు. ట్యాంకులో గాలికి చోటు లేకపోతే చెమ్మ పట్టడానికీ చోటు ఉండదు. ఉదయం ఫిల్టరు అడుగు నీటిని వదిలి, మర బిగించి, చేతి పంపుతో చమురు ఎక్కించి, ఎయిర్ పట్టి ఉంటే అది పోయి బుడగలు లేని ధార వచ్చేదాక ఓపిక పడతారు. మైనం పట్టిన ఫిల్టరు మీద వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టడం పాత పద్ధతి. మైనం వేడికి తిరిగి కరుగుతుంది, నిప్పుతో పనిలేదు. ట్యాంకు కింద మంట వేసి బండినే పోగొట్టుకొన్న కథలు ప్రతి మజిలీలోనూ వినవచ్చు. కిరసనాయిలు కలిపే అలవాటు కూడ ఒకప్పుడు ఉండేది. అది చమురును పలుచన చేసే మాట నిజమేగాని కందెన గుణాన్ని చంపుతుంది. కల్తీ కావడం వేరే నేరం.

ఈ సీమలో డీజిలుతో ఇంతకంటె పెద్ద సాహసం ఒకటి పట్టాల మీద జరిగినది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికై 1960 దశకంలో కొత్తవలస, కిరందూల్ రైలు మార్గం నిర్మించినారు. అనంతగిరి కొండలను యాభైకి పైగా సొరంగాలతో తొలుచుకొంటూ, శిమిలిగూడ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తుకు కొంచెం తక్కువలో సాగే దారి అది. 1980 దశకం తొలినాళ్ళలో విద్యుత్తు తీగలు పూర్తయ్యేదాక ఖనిజపు బండ్లను డీజిలు ఇంజన్లే లాగినవి. ఆల్కో రకపు ఆ భారీ ఇంజన్లను చలి రాత్రి ఆపితే, చల్లారిన దానిని బ్యాటరీ బలంతో తిరిగి లేపడం కష్టం. అందుకని పని లేకున్నా మెల్లగా తిరుగుతూ ఉండనిచ్చేవారు. చమురు వృథా అని లెక్కల గుమాస్తా గొణగవచ్చు. తెల్లవారి బండి కదలకపోతే మాట పడేది డ్రైవరే కదా.

నేడు ఆ పట్టాల మీద ఖనిజం విద్యుత్తుతో కదులుతున్నది. కొండ మీద గనులలో మాత్రం పెద్ద డంపర్లు డీజిలుతోనే తిరుగుతున్నవి. జగదల్పూరు వెలుపల ఎండ పొడ చూపేసరికి ఆ క్లీనరు మర బిగించి, చేతులు తుడుచుకొని, పంపు కొట్టడం మొదలుపెడతాడు. ఇరవై మార్లు కొట్టాక పంపు గట్టిపడుతుంది. ఇంజను ఒకసారి దగ్గి, తెల్లని పొగ వదిలి, నిలకడగా పలుకుతుంది. లారీ దర్భా ఘాట్ వైపు మళ్ళి, కొంటా దారి పడుతుంది.